జడ్జిగారు తిన్న అన్నం

పెయింటర్ బతుకంతా అక్షరాలతోనే గడిచింది గానీ, ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదివిన పాపాన పోలేదు. షాపుల బోర్డులు, డాక్టర్ల డిగ్రీలు, స్కూలు గోడల మీద సూక్తులు, ఎన్నికలప్పుడు అభ్యర్థుల పేర్లు, ఏది రాయమన్నా గీత గీసుకోకుండా రాసేవాడు. అద్దానికి లోపలివైపు నిలబడి, బయటివాళ్ళకి సరిగ్గా కనబడేలా తిరగేసి రాయడం అతనికి మంచినీళ్ళ ప్రాయం. అయితే ఏం రాశావయ్యా అని అడిగితే మాత్రం తల గోక్కునేవాడు. అతని దృష్టిలో అక్షరమంటే ఒంపు, మందం, నీడ. అర్థంతో ఎప్పుడూ పని పడలేదు.

ఫ్లెక్సీలు వచ్చి ఆ పని సగం తుడిచిపెట్టాయి. మిగతా సగం కిడ్నీలు తుడిచిపెట్టాయి. యాభై నిండీ నిండకముందే, రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ మిషను పక్కన పడుకోవలసిన గతి పట్టింది.

ఆసుపత్రి మేడ మీద పొడుగాటి గది అది. కిటికీల వెంబడి వరసగా వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన నిలువెత్తు మిషను. రాగానే బరువు చూస్తారు. చేతికి రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి పోయి, శుభ్రపడి, రెండోదాంట్లోంచి లోపలికి వస్తుంది. అది పూర్తయ్యేదాకా, అంటే దాదాపు సగం పగలు, ఆ చెయ్యి కదపడానికి వీల్లేదు. గోడకి టీవీ ఉంది, దానికి నోరు లేదు. మొదటి నెలలన్నీ పెయింటర్ పైకప్పు చూస్తూనే గడిపాడు. ఎక్కడ సున్నం పెచ్చులూడిందో, ఎక్కడ చెమ్మ దిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. భార్య బయట బెంచీ మీద కూర్చునేది. లోపలికి వస్తే ఎందుకొచ్చావని విసుక్కునేవాడు, రాకపోతే మనిషి ఉన్నాడో పోయాడో చూడవా అని విసుక్కునేవాడు.

పక్క కుర్చీ లెక్కల టీచరమ్మది. సన్నగా, పొట్టిగా ఉండే మనిషి. సూదులు గుచ్చుతున్నప్పుడు కూడా మొహం పక్కకి తిప్పుకోదు. మిషను తిరగడం మొదలవగానే కాళ్ళ మీద దిండు పెట్టుకుని, దాని మీద పుస్తకం తెరిచి, బట్టలు ఆరేసే క్లిప్పులు రెండు చెరోవైపూ తగిలించేది. పేజీ తిప్పాలంటే ఒక్క చేత్తోనే క్లిప్పు తీయాలి, కాగితం తిప్పాలి, మళ్ళీ క్లిప్పు పెట్టాలి. ఆ యాతన చూస్తుంటే పెయింటర్‌కి చిరాకేసేది. అంత కష్టపడి చదవాల్సినంత ఏముందో ఆ కాగితాల్లో!

ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"ఆ అట్ట మీద పేరు రాసినవాడెవడో గానీ, చేతికి వాతం ఉండుంటుంది."

టీచరమ్మ పుస్తకం మూసి అట్ట చూసుకుంది. "ఏం, బాలేదా?"

"తలకట్టు ఒకలా, దీర్ఘం ఒకలా. ‘ఱ’ చూడండి, మూర్ఛ వచ్చినట్టు పడిపోతోంది."

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుకి చెయ్యి కదిలి మిషను కుయ్యోమని మొత్తుకుంది. నర్సు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ చీవాట్లు పెట్టింది.

"లోపల బాగుంటుంది అన్నయ్యా," అంది టీచరమ్మ, నర్సు వెళ్ళాక.

"బోర్డు సరిగా లేని షాపులోకి నేను అడుగుపెట్టనమ్మా."

"పోనీ గుమ్మంలోనే నిలబడండి. లోపల ఏముందో నేను చెప్తాను."

అలా మొదలైంది. ఆవిడ అంతకుముందు చదివిందంతా వచ్చిన ప్రతిసారీ చెప్పేది. ముందు ఒక దొంగ కథ, తర్వాత ఓడల మీద తిరిగే వంటవాడి కథ. పెయింటర్ పైకప్పు వైపు చూస్తూనే ఊఁ కొట్టేవాడు. రెండో వారానికి ఊఁ కొట్టడం మాని, "ఆగండాగండి, వాడికి తాళం ఎక్కడిది?" అని అడ్డం పడటం మొదలుపెట్టాడు. అలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పలేక, చివరికి ఆవిడ పుస్తకం అందుకుని చదివి వినిపించింది. ఆ తర్వాత చెప్పడం పోయి చదవడమే మిగిలింది.

ఎదురు వరసలో రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు. అందరికీ కండక్టర్ బాబాయే. చెవులు కాస్త మందం.

"గట్టిగా చదవమ్మా," అని అక్కణ్ణించి కేకేశాడు ఓ రోజు. "వెనక సీట్లవాళ్ళు టిక్కెట్టు తీసుకోలేదనుకున్నావా?"

అలా గదంతా వినడం మొదలుపెట్టింది. బీపీ చూడటానికొచ్చిన నర్సు ఒక్కోసారి బీపీ చూడటం అయిపోయినా అక్కడే నిలబడిపోయేది.

అప్పుడు వచ్చింది జడ్జి నవల.

అందులో ఒక జడ్జి ఉంటాడు. ఒక కుర్రాడికి యావజ్జీవం వేస్తాడు. కుర్రాడు జైల్లోనే జబ్బు చేసి చనిపోతాడు. జడ్జి రిటైరయ్యాక, ఆ కేసులో సాక్షి చెప్పింది అబద్ధమని తెలుస్తుంది. మనిషికి నిద్ర పట్టదు. కుర్రాడి తల్లి వేరే ఊళ్ళో ఒంటరిగా ఉందని, మేడ మీద గది అద్దెకిస్తోందని ఆరా తీసి, పేరు మార్చుకుని, గుమాస్తాగా చేసి రిటైరయ్యానని చెప్పి ఆ గదిలో దిగుతాడు. నిజం చెప్పి కాళ్ళ మీద పడదామనే వస్తాడు. రాగానే ఆవిడ, "ముందు అన్నం తినండి, తర్వాత మాట్లాడుకుందాం," అంటుంది. తింటాడు. ఆ పూట చెప్పలేకపోతాడు. మర్నాడూ అంతే. నెలలు గడిచిపోతాయి.

ఈ నవల గదిని రెండుగా చీల్చింది.

"వాడిప్పుడే చెప్పెయ్యాలి," అన్నాడు పెయింటర్. "రోజూ ఆ తల్లి చేతి తిండి తింటూ నోరు మూసుకుని కూర్చుంటాడా? సిగ్గుండక్కర్లేదూ?"

"చెప్తే ఏమొస్తుందయ్యా?" అన్నాడు కండక్టర్ బాబాయ్. "పోయినవాడు లేచొస్తాడా? వీడి బరువు దిగుతుంది, ఆవిడకి ఎక్కుతుంది. అంతేగా?"

"మీరేమంటారు టీచరమ్మా?"

"నేనేం అననండీ. నేను చదివే మనిషిని. మీరు కొట్టుకోండి," అని క్లిప్పు తీసి పేజీ తిప్పేది.

ఇంట్లో పెయింటర్ కొంచెం మారాడని భార్యే ముందు కనిపెట్టింది. డయాలసిస్ రోజు తెల్లారుతుందంటే మొహం వేలాడేసే మనిషి, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎంతసేపు?" అని తొందరపెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏమీ అడగలేదు. అడిగితే ఆ ముచ్చట కూడా పోతుందేమోనని భయం.

నవల ముప్పావు వంతు అయింది. జడ్జి బజారుకి వెళ్ళినప్పుడు, గది ఊడ్వడానికి మేడెక్కిన ఆ తల్లి, మంచం కింద పెట్టె జరపబోయింది. పెట్టె మూత తెరుచుకుంది. పైనే నల్లకోటు.

సరిగ్గా అక్కడ ఆపి, "ఇక ఎల్లుండి," అంది టీచరమ్మ.

"ఇదెక్కడి అన్యాయం!" అని గదంతా గోల పెట్టింది.

ఎల్లుండి ఆవిడ రాగానే పుస్తకం తెరవలేదు. కుర్చీలో కూర్చోను కూడా లేదు. మొహం వెలిగిపోతోంది, మళ్ళీ అంతలోనే బెదురు.

"అన్నయ్యా, మా అక్క కిడ్నీ నాకు సరిపోయిందట. పరీక్షలన్నీ అయిపోయాయి. వచ్చే వారమే ఆపరేషన్. ఈ చివరి రెండు మూడు సార్లూ డయాలసిస్ కూడా ఆపరేషన్ చేసే పెద్దాసుపత్రిలోనే చేస్తారట."

గదిలో చప్పట్లు మోగాయి. కండక్టర్ బాబాయ్ ఖాళీగా ఉన్న చేత్తో తొడ మీద కొట్టుకుంటూ, "రైట్ రైట్!" అని అరిచాడు. నర్సు వచ్చి ఆవిణ్ణి వాటేసుకుంది.

పెయింటర్ నవ్వాలనుకున్నాడు. మొహం మాట వినలేదు. అతని భార్యకి రక్తం గ్రూపు కుదరలేదు. సొంత అన్న ఆలోచించి చెప్తానని వెళ్ళి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. వదిన ఎదురుపడితే రోడ్డుకి ఆ పక్కకి వెళ్ళిపోతోంది. ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"మంచిదే," అన్నాడు. "వెళ్ళిరండి." అని పైకప్పు వైపు తిరిగిపోయాడు.

టీచరమ్మ సంచిలోంచి జడ్జి నవల, రెండు క్లిప్పులు తీసి అతని పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టింది.

"మిగతాది మీరు చదవండి. చదివి వీళ్ళకి వినిపించండి."

అతను తల తిప్పలేదు. ఆవిడ చెప్పుల చప్పుడు తలుపు దాకా వెళ్ళడం, తలుపు మూసుకోవడం మాత్రం విన్నాడు.

ఆ పుస్తకం ఇంటికి వచ్చింది గానీ బీరువా పైనే పడి ఉంది. కండక్టర్ బాబాయ్ వచ్చిన ప్రతిసారీ, "ఏమయ్యా, కోటు చూసి ఆవిడేం చేసింది?" అని అడగడం, పెయింటర్ వినపడనట్టు నటించడం. చెవుడు నాకా నీకా అనేవాడు బాబాయ్. ఆపరేషన్ బాగా జరిగిందని నర్సు చెప్పింది. అక్కా చెల్లెలూ ఇద్దరూ బాగున్నారట. పెయింటర్ అలాగా అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య మీద అకారణంగా ఎగిరాడు. ఎగిరాక, తనెందుకు ఎగిరాడో తనకే తెలిసి, దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భార్య పనిమీద బయటికి వెళ్ళింది. ఇల్లు బోసిగా ఉంది. పైకప్పు చూడటానికి ఇంట్లో పెచ్చులు కూడా లేవు. లేచి బీరువా మీది పుస్తకం దింపాడు.

చదవడం రాక కాదు, అలవాటు లేక. ఒక అక్షరం దగ్గర ఆగి, దీని ఒత్తు భలే దిగిందే అనుకునేసరికి వాక్యం మొదలెక్కడో మర్చిపోయేవాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ముందుకి వెళ్ళినంత వెనక్కి వస్తూ, చీకటిపడేలోపు రెండు పేజీలు లాగాడు. కోటు చూసిన తల్లి దాన్ని బయటికి తీసి దులిపింది. మడతలు సరిచేసింది. మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేసింది. కిందికి వచ్చి పొయ్యి వెలిగించింది.

పెయింటర్ వేలు అక్కడే ఆగిపోయింది. భార్య ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపటి నుంచి గుమ్మంలో నిలబడి చూస్తోందో అతనికి తెలియదు.

"దీపం వేసుకోవచ్చుగా, కళ్ళు పోతాయి," అని స్విచ్ వేసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆసుపత్రిలో దిండు పెట్టుకుని, క్లిప్పులు తగిలించి, గొంతు సవరించుకున్నాడు. ఇంట్లో చదువుకున్న రెండు పేజీలే అప్పజెప్పినట్టు చదివాడు. మధ్యలో తడబడ్డాడు, చెమట్లు పట్టాయి. బాబాయ్ ఒక్క మాట కూడా అనలేదు. చదవడం ఆగాక మాత్రం, "ఎక్స్‌ప్రెస్ పోయి పల్లెవెలుగు వచ్చిందిరా దేవుడా," అన్నాడు. "పర్లేదు, నడుపు. అన్ని స్టాపుల్లోనూ ఆగుతోందిగా."

నవల అలాగే ఆగుతూ ఆగుతూ చివరికి చేరింది. ఆ తల్లికి అంతా తెలిసిపోయింది. ఆ సంగతి జడ్జికీ అర్థమైంది. అయినా ఇద్దరూ నోరు విప్పరు. చివరి పేజీలో అతను కంచం ముందు కూర్చుంటాడు. ఆవిడ వడ్డిస్తుంది. అతను చాలనడు, ఆవిడ ఆపదు. అంతే. పుస్తకం అయిపోయింది.

"అంతేనా?" అన్నాడు కండక్టర్ బాబాయ్. "పేజీ చిరిగిందేమో చూడు."

చిరగలేదు. పెయింటర్ అట్ట తిప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళు వేలు అరిగేలా చదివితే, ఇదా ముగింపు? క్షమించిందా, లేదా? తిట్టిందా, లేదా? నర్సు దగ్గర నంబరు అడిగి తీసుకుని, సాయంత్రం ఇంటికి రాగానే ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, నేను. పెయింటర్‌ని."

"అన్నయ్యా!" గొంతు నీరసంగా ఉంది గానీ ఆ పిలుపులో సంతోషం ఎక్కడికీ పోలేదు. "ఎలా ఉన్నారు? అందరూ ఎలా ఉన్నారు?"

"మేం బాగానే ఉన్నాం గానీ, చివర లేని పుస్తకం అంటగట్టి పోయారేంటండీ?"

అవతల ఆవిడ నవ్వబోయి, కుట్లు లాగాయేమో, అబ్బా అంది. "పూర్తి చేశారా? మీరే చదివారా?"

"ఇంకెవరు చదువుతారు? మీకు ముందే తెలుసా ఇలా అవుతుందని?"

"తెలుసు. అది నేను చదవడం రెండోసారి. మొదటిసారి చదివినప్పుడు నాకూ మీలాగే ఒళ్ళు మండింది."

"మరి మాకెందుకు చదివారు?"

"బాగా నచ్చిన పుస్తకాలు దాచుకుంటాను అన్నయ్యా. ఎవరికైనా ఇచ్చి, వాళ్ళు బాలేదంటే ప్రాణం ఉసూరుమంటుంది. కోపం తెప్పించిందాన్ని మాత్రం నేనొక్కదాన్నే భరించలేను. ఇంకెవరైనా చదివి నాతోపాటు కోప్పడాలనిపిస్తుంది."

పెయింటర్ గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆవిడ కోటు దులిపి మడతపెట్టింది చూశారా," అన్నాడు నెమ్మదిగా. "అక్కడ నాకు అడుగు ముందుకు పడలేదు. కోపం ఉండదా? ఉంటుంది. అయినా మడతపెట్టింది. నాకది చేతకాలేదు."

"ఏది?"

"మీరు ఆ రోజు చెప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు టీచరమ్మా. ఎంత తెచ్చుకుందామన్నా రాలేదు. ఈవిడకి అక్క ఉంది, నాకెవరున్నారు అనిపించింది. మొహం తిప్పుకున్నాను."

"తెలుసు అన్నయ్యా."

"తెలిసే పుస్తకం ఇచ్చారా?"

"మీ కుర్చీలో నేనుంటే నేనూ పైకప్పే చూసేదాన్ని. పోయినేడాది మన మూలకుర్చీ అతనికి కిడ్నీ దొరికినప్పుడు ఇంటికెళ్ళి ఏడ్చాను. అతను బాగుపడ్డాడని కాదు లెండి." ఆగింది. "ఆ మాట మా అక్కకి కూడా చెప్పలేదు."

పెయింటర్ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇప్పుడేం చదువుతున్నారు?" అని అడిగాడు పెయింటర్.

"చదవడమెక్కడ! మందులకి చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొన్నాళ్ళు అంతేనట. పైగా పాత పుస్తకాల దుమ్ము గదిలోకి రాకూడదన్నారు. మీరు చెప్పండి, మీరేం చదువుతున్నారు?"

ఎవరైనా ఆ ప్రశ్న తనని అడుగుతారని పెయింటర్ కలలో కూడా అనుకోలేదు. బోర్డు ఎప్పటికిస్తావని అడిగారు, బరువెంత పెరిగావని అడిగారు. ఏం చదువుతున్నావని ఎవరూ అడగలేదు.

"రేపు చెప్తాను," అన్నాడు.

మర్నాడు వీధి చివర అద్దెపుస్తకాల షాపుకి వెళ్ళి, చాలాసేపు అరల ముందు నిలబడి, అట్ట మీద అక్షరాలు అన్నిటికంటే అందంగా ఉన్నదాన్ని ఎంచి తెచ్చుకున్నాడు. లోపల పరమ చెత్త. రాజుగారి వజ్రం పోతుంది, ఎవరు తీశారో చదివేవాడికి రెండో పేజీలోనే తెలిసిపోతుంది, డిటెక్టివ్‌కి తప్ప. ఆ సంగతే ఫోన్లో టీచరమ్మకి చెప్పాడు. అట్ట మీద పేరు అంత అందంగా రాసినవాడి మీద జాలేసిందన్నాడు. ఆవిడ ఇంకా చెప్పమంది. చెత్తపుస్తకాన్ని కూడా అంత వివరంగా చెప్పించుకునే మనుషులుంటారని అతనికి అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి సాయంత్రాలు ఫోన్ చేయడం అలవాటైపోయింది. ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి అవతల అక్క వచ్చి ఇక చాలు పడుకో అనేదాకా.

ఇంతలో ఇంట్లో ఒక చిత్రం జరిగింది. జడ్జి నవల షాపులో పుస్తకం కాదు, టీచరమ్మది. ఆవిడ కోలుకున్నాక ఇవ్వాలని పెయింటర్ దాన్ని పాత వార్తాపత్రికలో చుట్టి పెట్టాడు. ఒకరోజు చూస్తే పత్రిక ఉంది, పుస్తకం లేదు. వెతుక్కుంటూ వంటింట్లోకి వెళితే, భార్య పీట మీద కూర్చుని, గట్టుకి ఆనుకుని చదువుతోంది. చివరికొచ్చేసింది కూడా.

"నువ్వెప్పుడు మొదలుపెట్టావు?"

"ఇన్నాళ్ళూ తలుపు బయట బెంచీ మీద కూర్చుని సగం సగం విన్నాను. మధ్యలో మిషన్లు మొత్తుకుంటే వినపడేది కాదు. ఆ పోయిన ముక్కలు చదువుకుంటున్నా."

పెయింటర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. బయట బెంచీ దాకా వినపడుతుందని అతనికెప్పుడూ తట్టలేదు.

ఆవిడ చివరి పేజీ చదివి పుస్తకం మూసింది. ఆవిడ కూడా కోప్పడుతుందని, తనూ ఒక మాట కలుపుదామని అతను ఎదురుచూశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది. కానీ నాకొకటి అర్థం కాలేదు."

"క్షమించిందా లేదా అనా?"

"అది కాదు. ఆ జడ్జిగారు అన్నాళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నాడు కదా. ఒక్కరోజైనా తన కంచం తను కడిగాడా? ఎక్కడా రాయలేదు. పేజీలు వెనక్కి తిప్పి మరీ చూశాను."

నెలల తరబడి తనూ, బాబాయ్, నర్సు, గదిలో అంతమందీ గొంతులు పోయేలా వాదించుకున్నారు. ఈ సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు.

ఆ సాయంత్రం ఫోన్లో ఆ మాట టీచరమ్మకి చెప్పాడు. అవతల నవ్వు మొదలైంది, ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. కుట్లు కుట్లు అని వెనక నుంచి అక్క కసురుతోంది.

"ఫోన్ వదినకి ఇవ్వండి అన్నయ్యా," అంది నవ్వు మధ్యలో. "ఆవిడేం చదవబోతోందో నేను అడగాలి."

పెయింటర్ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. భార్య చేతులు తడిగా ఉన్నాయి. తుడుచుకోవడానికి గుడ్డ అందించి, ఫోన్ ఇచ్చాడు.